మైకుకి అందని మాట

దేశానికి కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేసే రోజున మిల్లు యజమాని నేత షెడ్డు గోడకి పెద్ద టీవీ ఒకటి బిగించాడు. కళ్ళారా చూసుకోండి, కానీ ఒక్క మగ్గం ఆగినా ఊరుకోనన్నాడు. ధర్మప్రభువు! వందల మరమగ్గాలు ఒక్కపెట్టున హోరెత్తుతుంటే ఆ టీవీ గొంతు ఎవరికి వినపడుతుందని ఆయన అనుకున్నాడో ఆయనకే తెలియాలి. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలి తగలడమే తప్ప మాట తగలని చోటు అది.

అయినా షెడ్డులో ఎవరికీ ఆ బెంగ లేదు. వాళ్ళు చెవులతో వినడం ఏనాడో మానేశారు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ముందు తల దిమ్మెక్కుతుంది, తర్వాత చెవులు మొద్దుబారతాయి, ఆ తర్వాత చెవుల పని కళ్ళు అందుకుంటాయి. ఈ వరసలో మనిషి ఆ చివరి వరసలో మనిషితో గొంతెత్తకుండా, ఉత్త పెదాలు కదిపి మాట్లాడతాడు. కూరలో ఉప్పెక్కువైన సంగతి, కూతురి కాన్పు సంగతి, అన్నీ అలాగే. మేస్త్రీని తిట్టే తిట్లూ అలాగే, అదీ ఆయన ఎదురుగానే. ఆయన ఆఫీసు గదిలోంచి వచ్చిన మనిషి, పెదాలు చదవడం రాదు. ఆడవాళ్ళు పక్కున నవ్వితే తన మీద గౌరవమే అనుకుని మీసం సవరించుకుంటాడు.

ఆ షెడ్డులో ఒకటే కట్టుబాటు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ఎదుటి మనిషి కళ్ళు పొడిచినట్టే. అబద్ధాలాడేవాడే ఆ పని చేస్తాడని అక్కడ అందరి లెక్క.

కిటికీ వరసలో నేసే ఆవిడని అందరూ అతుకులమ్మ అంటారు. తెగిన పోగు ఆవిడ వేళ్ళ మధ్య పడితే ఎక్కడ తెగిందో ఎవడూ కనిపెట్టలేడని ఆ పేరు పెట్టారు. ఆ పొద్దున మాత్రం ఆవిడ వేళ్ళు మాట వినడం లేదు. ఎందుకో షెడ్డు మొత్తానికీ తెలుసు. ఆవిడ మొగుడు జైల్లో ఉన్నాడు. ఉండటమే కాదు, తిండి మానేసి ఉన్నాడు.

అతను చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, తాళాలు పగలగొట్టడం. గుడ్డ దొంగతనంగా పోతుందని షెడ్ల వెనక తలుపులకి బయటినుంచి తాళాలు వేసేవారు. పక్క షెడ్డులో మంటలు లేచిన రోజున తలుపు బాది బాది ఆడకూతుళ్ళు లోపలే కాలిపోయారు. మర్నాడు అతనూ, ఇంకొందరు నేతగాళ్ళూ గడ్డపారలు పట్టుకుని మిల్లులో తాళమన్నది మిగల్చలేదు. మగ్గాలు ఆపేశారు. అప్పటి సర్కారు తాళం వేసినవాడికి నమస్కారం పెట్టి, పగలగొట్టినవాళ్ళని బండెక్కించింది. కోర్టు లేదు, విచారణ లేదు. అడిగీ అడిగీ విసుగెత్తి వాళ్ళు లోపల అన్నం మానేశారు.

ఈ కొత్తాయన ఓట్ల కోసం తిరిగేటప్పుడు సరాసరి ఈ షెడ్డుకే వచ్చాడు. పగిలిన తాళం ఒకటి చేత్తో ఎత్తి పట్టుకుని ఫోటో దిగాడు. వెనక వరసలో నేసే అతుకులమ్మ అత్త చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీ కొడుకు నాకు తమ్ముడు. గెలిస్తే నా మొదటి మాట వాళ్ళ గురించే" అన్నాడు. ఆవిడ ఆ పూటంతా ఆ చేతికి నీళ్ళు తగలనివ్వలేదు.

ముందురోజు యూనియన్ సెక్రటరీ ఇంటికొచ్చి గట్టిగా చెప్పాడు. "చెల్లెమ్మా, రేపు ఆయన ప్రసంగంలో విడుదల మాట వస్తుంది. నాకు పైనుంచి కబురుంది. ఆ మాట పడగానే మనం జైలుకెళ్దాం. నీ చేత్తో వాడికింత పళ్ళరసం పట్టు. వాడు తాగితే మిగతావాళ్ళు తాగుతారు. డాక్టరు చేతులెత్తేస్తున్నాడు, ఇంకా లాగితే గుండె ఆగుతుందట."

అందుకే ఆవిడ కళ్ళు మగ్గం మీద ఒకటి, టీవీ మీద ఒకటి అన్నట్టున్నాయి.

టీవీలో కొత్త ప్రెసిడెంటు చెయ్యెత్తి ప్రమాణం చేశాడు. ముఖం దగ్గరగా చూపిస్తున్నారు. పక్క మగ్గం వదిన ఈ పక్కకి తిరిగి పెదాలు కదిపింది: "కొత్త కోటు. భుజాల దగ్గర లాగుతోంది చూడు. కుట్టినవాడు ఓటెయ్యలేదేమో."

"ఊరుకో వదినా, మాట పోతుంది."

"పోతే నేనందుకుంటాలే."

ప్రసంగం మొదలైంది. రోడ్ల గురించి, బడుల గురించి, పాత పాలన చీకటి గురించి చాలా చెప్పాడు. చక్కగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతాడు. నేతగాళ్ళకి అలాంటి నోరంటే ఇష్టం. చివరికి కాస్త ఆగి, నీళ్ళు తాగి, తలెత్తి అన్నాడు: "తాళాలు పగలగొట్టిన నా తమ్ముళ్ళు జైల్లో పస్తులుండగా నాకు ఈ భవనంలో నిద్ర పట్టదు. వాళ్ళని ఇంటికి పంపుతానని ఈ ప్రమాణం మీద మాటిస్తున్నాను."

షెడ్డులో చేతులన్నీ పైకి లేచాయి. వదిన అతుకులమ్మ మెడ పట్టుకుని ఊపేసింది. వెనక వరసలో అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ టీవీ వంక చూసింది.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కెమెరావాడు ఆపలేదు. ప్రెసిడెంటు మైకు వదిలి రెండడుగులు వెనక్కి వేశాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. పక్కనున్న తెల్లజుట్టు పెద్దమనిషి ఆయన చెవిలో ఏదో అడిగాడు. ప్రెసిడెంటు జనానికి చెయ్యూపుతూనే, నవ్వు చెదరకుండానే జవాబిచ్చాడు. మైకు దూరంగా ఉంది. దేశంలో చెవులున్నవాళ్ళెవరికీ ఆ మాట అందలేదు. షెడ్డులో అందరూ చూశారు.

"ముందు తిననీ. తిన్నాక ఇంకెవడు అడుగుతాడు? లోపలే ఉండనీ."

లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. మగ్గాల్లో పోగులు మోసే నాడెలు మాత్రం అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఒక్కరి పెదవీ కదల్లేదు. హోరు నిండిన ఆ షెడ్డు ఎన్నడూ లేనంత మూగగా అయిపోయింది. వదిన అతుకులమ్మ మెడ మీదినుంచి చెయ్యి తీసేసింది. ఆ చేతిని ఏం చేసుకోవాలో తెలియనట్టు తన మగ్గం మీద పెట్టింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరి గుడ్డ వైపు వాళ్ళు తల దించుకున్నారు. పని చేసుకున్నారు. అవును, పని చేసుకున్నారు.

అతుకులమ్మ అత్త దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ షెడ్డులో పెదాలు చదవడంలో అత్త తర్వాతే ఎవరైనా. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి నేర్పింది ఆవిడే.

"అత్తా, చూశావుగా?"

అత్త తల ఎత్తలేదు. అతుకులమ్మ వంగి, కింద నుంచి ఆవిడ ముఖంలోకి చూసింది.

"నాకేం కనపళ్ళేదే. కళ్ళు మసకలు" అంది అత్త.

"అత్తా!"

"నా కొడుకు బతకాలి. నాకేం కనపళ్ళేదు."

తన మగ్గాన్ని వదినకి అప్పగించి అతుకులమ్మ గేటు దాటింది. బయట వీధి వీధంతా జనం. టీ కొట్టు ముందు కట్టిన లౌడ్ స్పీకర్లో ప్రసంగం మళ్ళీ వేస్తున్నారు. క్షౌరశాల ఆయన సగం గీసిన గడ్డంతో ఉన్న బేరాన్ని కుర్చీలో వదిలేసి రోడ్డు మీదకొచ్చి ఏడుస్తున్నాడు. కుర్చీలో మనిషి నురగ మొహంతోనే చప్పట్లు కొడుతున్నాడు. "నిద్ర పట్టదన్నాడు, విన్నావా? నిద్ర పట్టదట!" అని ఒక ముసలాయన ముక్కూ ముఖం తెలియనివాళ్ళ భుజాలు పట్టుకుని చెబుతున్నాడు. అతుకులమ్మకి వాళ్ళ మీద కోపం రాలేదు. ఎన్నాళ్ళ నుంచో మంచి మాట వినని చెవులు అవి. ఎండిన నేల మీద ఉమ్మేసినా తడే అనిపిస్తుంది.

సెక్రటరీ ఎదురొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతున్నాడు. "చెప్పానా లేదా చెల్లెమ్మా? పద పద, బస్సొస్తోంది."

"అన్నా, ఆయన మైకు దగ్గర్నుంచి జరిగాక ఇంకో మాటన్నాడు." ఆవిడ ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది.

సెక్రటరీ నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నవ్వడం మానేశాయి. ఒకప్పుడు అతనూ నేతగాడే. మైకులు పట్టుకుని తిరగడం మొదలెట్టాక పెదాలు చదవడం మరిచాడు.

"తప్పు చూసుంటావు."

"షెడ్డంతా తప్పు చూసిందా?"

"చూస్తే చూసింది! ఎవడు నమ్ముతాడమ్మా? పెదాలు సాక్ష్యమా? రేపు పేపర్లో ఏమని రాయమంటావు, నేతగత్తెలు టీవీలో మూతి చూసి కనిపెట్టారనా?" అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పోనీ, అన్నాడే అనుకో. ఇప్పుడు నువ్వెళ్ళి ఆ సంగతి వాడికి చెప్తావా? చెప్తే తాగడు. తాగకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. బతికుంటే రేపు పోరాడొచ్చు. శవంతో ఏం చేస్తాం, ఊరేగింపా?"

ఆవిడ బస్సెక్కింది. బస్సులోనూ అదే మాట. డ్రైవరు రేడియో పెద్దది చేశాడు, కండక్టరు ఈ రోజు నా వల్ల కాదంటూ టిక్కెట్లు కొట్టడం మానేశాడు. వెనక సీట్లో ఒకావిడ పక్కావిడతో అంటోంది, "మా ఆయన ఎప్పుడూ ఏడవడు. ఉల్లిపాయ తరిగినా ఏడవడు. ఇవాళ ఏడిచాడు." అతుకులమ్మ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. అబద్ధం చెప్పేద్దామని నిశ్చయించుకుంది. అత్త కళ్ళు మసకలైతే తన కళ్ళూ మసకలే. మొగుడు బతికి, ఇంటికొచ్చి, నిజం తెలిసి తనని ఛీ అన్నా సరే, అనడానికంటూ మనిషి ఉంటాడు కదా. ఆ నిశ్చయంతోనే జైలు మెట్లెక్కింది.

జైలు ఆస్పత్రి గదిలో ఇనప మంచాలు వరసగా ఉన్నాయి. మంచాల మీద మనుషులు దుప్పట్లకి పడిన ముడతల్లా ఉన్నారు. జైలు సూపరింటెండెంటు ఇస్త్రీ బట్టల్లో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. పక్కన బల్ల మీద పళ్ళరసం గ్లాసులు, మూతలు పెట్టి. తలుపు దగ్గర ఇద్దరు టీవీవాళ్ళు కెమెరా కాళ్ళు సర్దుకుంటున్నారు. ఒకడు అడిగాడు, "అమ్మా, మీరు అటు కూర్చుంటారా? వెలుతురు ఇటొస్తోంది."

ఆవిడ ఇటే కూర్చుంది. మొగుడి ముఖంలో బుగ్గలు లేవు, కళ్ళు మాత్రం ఉన్నాయి. గొంతు పోయి చాలా రోజులైంది. సూపరింటెండెంటు జాలిగా, "మాట్లాడలేడమ్మా, నువ్వే మాట్లాడు" అన్నాడు.

మాట్లాడలేకపోవడమేమిటి? ఆవిడ కూర్చోగానే అతని పెదాలు కదిలాయి.

"వచ్చావా పిల్లా. చూశావా?"

ఆవిడ అందరికీ వినపడేలా పైకే అంది, "చూశాను బావా. విడుదల చేస్తానని మాటిచ్చాడు. ప్రమాణం మీద మాటిచ్చాడు."

"అంతేనా?"

"అంతే."

అన్నాక చూసుకుంది. తన కుడిచెయ్యి తనకి తెలియకుండానే నోటికి అడ్డం వెళ్ళింది. సెక్రటరీకి అది ఏడుపు ఆపుకోవడంలా కనిపించింది. కెమెరావాడికి మంచి బొమ్మలా కనిపించింది. మంచం మీద మనిషికి మాత్రం అది ఏమిటో తెలుసు. అతను ఎముకలు తేలిన చెయ్యెత్తి, ఆవిడ చేతిని నోటి మీంచి తీసి పక్కన పెట్టాడు. అంత పనికే రొప్పాడు.

"ఇప్పుడు చెప్పు."

ఆవిడ చెప్పింది. గొంతెత్తకుండా, ఒక్కో మాటా విడివిడిగా, ఆ ప్రెసిడెంటు పలికినట్టే పలికింది. "ముందు తిననీ. తిన్నాక ఇంకెవడు అడుగుతాడు? లోపలే ఉండనీ."

అతను కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, "అమ్మ ఏమంది?" అన్నాడు.

"ఏం కనపళ్ళేదంది."

అతని ఛాతీ ఎగిరింది. దగ్గేమోనని డాక్టరు ముందుకొచ్చాడు. దగ్గు కాదు, నవ్వు. "అమ్మకి కనపళ్ళేదా! చీమ మూతి విరిచినా చదివేస్తుంది మా అమ్మ." నవ్వు ఆగాక కంటి కొస నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. ఆవిడ కొంగుతో తుడిచింది.

అప్పటికి పక్క మంచం ఆయన మెడ తిప్పి చూస్తున్నాడు. ఆ అవతలాయన మోచేతి మీద లేచాడు. ఆవిడ పెదాల మీది మాట మంచం నుంచి మంచానికి పోయింది. గది పొడుగునా పెదాలు కదలసాగాయి. ఒకడు చద్దాం పదండన్నాడు. ఒకడు నా పిల్ల ముఖం చూడాలని ఉందన్నాడు. ఒకడు ప్రెసిడెంటు వంశాన్ని ఏడు తరాలు తిట్టి, మధ్యలో ఓపిక చాలక ఆగి, మిగతావి పక్కవాణ్ణి తిట్టమన్నాడు. సూపరింటెండెంటు డాక్టరుని అడిగాడు, "ఏమిటండీ ఇది, ప్రార్థనా?" "నీరసం. మతి తప్పుతోంది" అన్నాడు డాక్టరు.

అతుకులమ్మ మొగుడు మళ్ళీ ఇటు తిరిగాడు. "షెడ్డులో ఎంతమంది చూశారు?"

"అందరూ."

"చూసి ఏం చేశారు?"

ఆవిడకి తల దించుకోవాలనిపించింది. దించితే పెదాలు కనపడవు. అందుకని తలెత్తే చెప్పింది. "ఏం చెయ్యలేదు బావా. మగ్గాలు నడిపాం."

అతని పెదాలు కదిలాయి. ఆ మాటలో కోపం లేదు, అదే ఆవిడకి ఎక్కువ నొప్పి పెట్టింది. "మీరు నడుపుతుంటే మేం ఎండి ఏం లాభమే? మేం పస్తుంటే వాడికి కడుపు కాలదు. మర పస్తుంటే కాలుతుంది." పక్క మంచాల వంక చూశాడు. అవునన్నట్టు తలలు కదిలాయి, ఒకటి ఆలస్యంగా, కానీ అదీ కదిలింది. "వెళ్ళి చెప్పు. మగ్గాలు ఆగాయని కబురొస్తే మేం తింటాం. ఆయన మాట మీద కాదు, మీ మాట మీద. ఆ గ్లాసులు తీసుకుపొమ్మను."

"అప్పటిదాకా ఉంటావా బావా?"

"నువ్వు తొందరగా పోతే ఉంటా."

ఆవిడ లేచి నిలబడింది. సూపరింటెండెంటు అందించిన గ్లాసు మూత కూడా తియ్యకుండా బల్ల మీద పెట్టేసింది. "తాగరట" అంది. గది దాటేదాకా సెక్రటరీ మాటలు వెతుక్కుంటూనే ఉన్నాడు. మెట్ల మీద దొరికాయి. "చంపేశావు కదమ్మా! నీ చేతులతో నువ్వే చంపుకున్నావు!"

"నడువన్నా. టైము లేదు." దారిలో మగ్గాల సంగతి చెప్పింది.

సాయంకాలమైనా పొద్దుటి పాళీవాళ్ళు ఇంకా పని దిగలేదు. షెడ్డు హోరెత్తుతూనే ఉంది. గోడ మీది టీవీలో ప్రెసిడెంటు విందులో కూర్చుని ఎవరితోనో నవ్వుతున్నాడు, ఇప్పుడెవరూ అటు చూడటం లేదు. అతుకులమ్మ తన మగ్గం దగ్గరికి వెళ్ళి మీట లాగేసింది. అది నాలుగు దెబ్బలు కొట్టి నిలిచిపోయింది. అన్ని మగ్గాల్లో ఒక మగ్గం ఆగితే చెవికేం తెలియదు. కానీ కాళ్ళకింద నేల అదురు రవ్వంత మారుతుంది. నేతగాళ్ళ కాళ్ళకి అది చాలు. తలలు లేచాయి.

ఆవిడ నడిమధ్యకొచ్చి, ఆ చివరికీ ఈ చివరికీ కనపడేలా, మెల్లగా చెప్పింది. తాగలేదు. మనం ఆపితే తింటారు. ఇంకేం కలపలేదు.

వదిన మీట మీద చెయ్యి వేసింది కానీ లాగలేదు. ఆవిడ చూపు వెనక వరస వైపు వెళ్ళింది. అందరి చూపూ అటే వెళ్ళింది. కన్నతల్లి ఆపకుండా మనమెలా ఆపుతాం అన్నట్టుంది వాళ్ళ వాలకం. అత్త కోడలి వంకే చూస్తోంది. ముఖంలో ఏ రంగూ లేదు. తన నోట అబద్ధం ఆడించింది తన కొడుకు బతుకే. ఇప్పుడా బతుకే మీట దగ్గర నిలబడి ఉంది.

"చెప్పేశావా వాడికి?" అంది అత్త పెదాలతో.

"చెప్పాను."

"నా సంగతి కూడా?"

"అడిగాడు. నవ్వాడు అత్తా."

మేస్త్రీ ఆగిన మగ్గం చూసి పరుగెత్తుకొస్తున్నాడు, నోరు తెరిచి అరుస్తున్నాడు, ఆ అరుపు ఎవరికీ అందడం లేదు. సెక్రటరీ గుమ్మంలో నిలబడి తనూ ఏదో అరిచాడు, అదీ అందలేదు. అత్త రెండు చేతులతో మీట పట్టుకుని లాగింది. తర్వాత వదిన లాగింది. ఆ పైన ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడం కష్టం. హోరు వరసల వారీగా తెగుతూ పోయింది. చివరి మగ్గం కూడా కొట్టుకుని ఆగాక, షెడ్డులో దుమ్ము కిందికి దిగడం కనపడింది. అంత నిశ్శబ్దం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. ఒకామె చెవులు మూసుకుంది.

మేస్త్రీ అరుపు ఒక్కసారిగా బయటపడింది. "ఎవరాపమన్నారు? ఎవరు?" తన గొంతు తనకే వినపడి బెదిరి ఆగిపోయాడు.

అత్త అతని వంక చూడలేదు. అతన్ని దాటుకుని గుమ్మం దగ్గరున్న సెక్రటరీ ముందు నిలబడింది. చెవులు సరిగ్గా లేని మనిషి కదా, గొంతు ఎంత ఎత్తాలో తెలియదు. వీధి చివరిదాకా వినపడేలా అంది:

"నిలబడి చూస్తావేంరా? పరిగెత్తు. మగ్గాలు ఆగాయని చెప్పు. అమ్మకి అంతా కనపడిందని చెప్పు. నా బిడ్డని తినమను."